కల్పనకు ముందు: వేంగి నేలలో బౌద్ధ ధ్యానం, కళాసాధన

పాళీ భాషలో ధ్యానసాధనకు ఉన్న పేరు ‘భావన’. తెలుగులో భావన అంటే మనసులో మెదిలే తలపు. పాళీలో ఆ మాటకు పెంచడం, వృద్ధి చేయడం అని అర్థం. దుక్కి దున్ని, కలుపు తీసి, నీరు పెట్టి నేలను పంటకు సిద్ధం చేసినట్టు మనసును సిద్ధం చేయడమే భావన. బౌద్ధంలో ఈ సాగు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది శమథం: శ్వాస మీదో, ఒక రంగు మీదో, మైత్రీభావం మీదో మనసును నిలిపి, చెదిరినప్పుడల్లా మళ్ళీ అక్కడికే తీసుకురావడం. రెండోది విపశ్యన: శరీరంలోనూ మనసులోనూ పుట్టి గిట్టే వాటిని, వాటికి ఏమీ చేర్చకుండా, ఉన్నది ఉన్నట్టు గమనించడం. రెండింటి గమ్యం దుఃఖం నుంచి విముక్తి. బొమ్మ బాగా కుదరాలని గాని, పద్యం చక్కగా నడవాలని గాని బుద్ధుడు ధ్యానం నేర్పలేదు. అయినా శిల్పులు, చిత్రకారులు, కవులు, నటులు మొదటి నుంచీ ఈ సాధన చుట్టూనే ఉన్నారు. ఆ సంబంధానికి ఏలూరు పరిసరాల్లో మూడు ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఒకటి రాతిలో ఉంది, ఒకటి తర్కశాస్త్రంలో ఉంది, ఇంకొకటి నేటికీ నడుస్తున్న ధ్యానకేంద్రంలో ఉంది.

రాతిలో ఉన్నది గుంటుపల్లి. ఏలూరుకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కనే ఉన్న కొండ అది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటికే అక్కడ భిక్షువులు నివసించారు. వర్షావాసం మూడు నెలలూ తల దాచుకోవడానికి కొండ వాలులో తొలిచిన విహారాలు, మొక్కుబడి స్తూపాల వరసలు, ఇటుక కట్టడాల పునాదులు అక్కడ నిలిచి ఉన్నాయి. అన్నిటికన్నా విశేషమైనది గుండ్రటి చైత్యగృహం. కొండను తొలిచి చేసిన చిన్న గది, మధ్యలో రాతి స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు సరిపడా దారి. తల పైకెత్తితే గోపురంలాంటి కప్పు, ఆ కప్పుకు కర్ర వాసాలు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ వాసాలు కూడా కొండ రాయే. ఇలాంటి గుండ్రని పాక నమూనా బీహారులోని బరాబర్ కొండల్లో, సుదామ గుహలో కూడా ఉంది.

రాతి గుహ కప్పు నిలవడానికి వాసాల అవసరం లేదు. శిల్పి వాటిని చెక్కకపోయినా కొండ కూలదు. అయినా ఒక్కొక్క వాసాన్నీ విడివిడిగా, పూరిపాకలో ఎలా సాగుతుందో అలాగే తీర్చాడు. తల దాచుకున్న పాకను అతను ఎంత శ్రద్ధగా చూశాడో ఆ కప్పు చెబుతుంది. భిక్షువు అడుగు వెంట అడుగు గమనిస్తూ స్తూపం చుట్టూ తిరగడానికి కట్టిన గదిలో, శిల్పి ఉలి దెబ్బ వెంట దెబ్బగా అదే గమనికతో నడిచిందనుకోవడం అతిశయోక్తి కాబోదు. తరవాతి కాలంలో చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరస్వామిగా కొలిచారు. పేరు మారింది, భక్తితో ప్రదక్షిణ చేసే అలవాటు మాత్రం మిగిలింది.

గుంటుపల్లి శాసనాల్లో ఒకటి కళాకారులకు ప్రత్యేకించి ఆసక్తి కలిగిస్తుంది. కళింగ మహిషకాధిపతిగా చెప్పుకున్న మహామేఘవాహన వంశపు సిరిసద మహారాజు పేరు అందులో ఉంది. కాని దానం చేసినది రాజు కాదు, ఆయన లేఖకుడు చూళగోముడు. రాత వృత్తిగా ఉన్న ఒక మనిషి ధ్యానం చేసుకునే వాళ్ళకు మంటపం కట్టించి ఇచ్చాడు. ఆయన అక్కడ కూర్చుని ధ్యానం చేశాడో లేదో శాసనం చెప్పదు. కలం పట్టిన చేతికీ ఈ కొండకీ మధ్య బంధం రెండు వేల ఏళ్ళ కిందటే ఉందని చెప్పడానికి ఆ పేరు చాలు.

రెండో ఆనవాలు వేంగి. నేటి పెదవేగి, ఏలూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఊరు. శాలంకాయనులకూ ఆ పైన తూర్పు చాళుక్యులకూ రాజధాని. ఏడో శతాబ్దంలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశాన్ని వర్ణిస్తూ, ఇక్కడ ఇరవైకి పైగా ఆరామాలు, సుమారు 3000 మంది భిక్షువులు ఉన్నారని రాశాడు. ఆయన చెప్పిన రాజధానిని చరిత్రకారులు వేంగిగానే గుర్తించారు. దానికి కొంత దూరంలో ఒక ఒంటరి కొండ, కొండ మీద రాతి స్తూపం ఉన్నాయనీ, దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రచించినది అక్కడేననీ కూడా రాశాడు. భారతీయ తర్కశాస్త్రాన్నే మలుపు తిప్పిన ఆచార్యుడు దిఙ్నాగుడు. కంచి ప్రాంతంలో పుట్టాడు. ప్రమాణసముచ్చయం ఆయన ప్రధాన గ్రంథం. గుహ గోడ మీద ఆయన రాసుకున్న శ్లోకాన్ని, భిక్షకు వెళ్ళి వచ్చేలోగా మరొకరు పదే పదే తుడిచేశారనీ, విసిగి ఆ పని వదిలేయబోతే మంజుశ్రీ బోధిసత్వుడు ధైర్యం చెప్పాడనీ టిబెట్ చరిత్రకారులు ఒక కథ చెబుతారు. రాసినది చెరిగిపోయిన ప్రతివాడికీ ఆ కథ దగ్గరగా తోస్తుంది.

కళకు సంబంధించినంత వరకు దిఙ్నాగుడి ముఖ్యమైన మాట ప్రత్యక్షం గురించినది. ప్రత్యక్షం అంటే కల్పన కలవని జ్ఞానం అని ఆయన నిర్ణయించాడు. తెలుగులో కల్పన అనగానే కవి ప్రతిభ గుర్తుకొస్తుంది. దిఙ్నాగుడి శాస్త్రంలో కల్పన అంటే, కంటికి కనబడినదానికి మనసు వెంటనే తగిలించే చీటీ. పేరు, జాతి, గుణం, క్రియ, ద్రవ్యం అని ఆ చీటీలు ఐదు. కన్ను చూసేది ఎప్పుడూ ఒక్క విశేషాన్నే, ఆ క్షణానికి, ఆ చోటికి మాత్రమే చెందినదాన్ని. దానిని ఆయన స్వలక్షణం అన్నాడు. మరుక్షణంలో మనసు వచ్చి దాన్ని ఒక జాతిలో చేర్చి, పేరు పెట్టి, తెలిసిన సామాన్ల కొట్లో పడేస్తుంది. యోగి ధ్యానంలో చూసే చూపును కూడా దిఙ్నాగుడు ప్రత్యక్షంలోనే చేర్చాడు, ఎందుకంటే అందులోనూ చీటీలు ఉండవు.

ఈ సంగతి కొల్లేటి గట్టు మీద కూర్చున్న చిత్రకారుడికి ఏ పుస్తకమూ అవసరం లేకుండా అర్థమవుతుంది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, అంటే అందరూ పెలికాన్లు అనే పక్షులు, వందల కొద్దీ గూళ్ళు పెడతాయి. కొత్తగా బొమ్మ నేర్చుకునేవాడిని గూడబాతును వేయమంటే ముందు తెలుపు రంగు తీస్తాడు, పొడుగు ముక్కు గీస్తాడు, దాని కింద సంచి వేలాడదీస్తాడు. అతను వేసినది పేరును. చెట్టు కొమ్మ మీదున్న ఆ ఒక్క పక్షి పొద్దున్న ఏడింటికి తెల్లగా లేదు. కడుపు కింద నీటి మెరుపు పడి పచ్చగా ఉంది, వీపు బూడిద రంగులో ఉంది, మెడ వంపు పక్క పక్షి మెడలా లేదు. ఆ తేడాలన్నీ కంటికి అందుతూనే ఉంటాయి. ‘గూడబాతు’ అన్న మాట వచ్చి వాటిని కప్పేస్తుంది. ఆ మాట రాకను కొంచెం ఆలస్యం చేయడం, వచ్చినా దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టడం అలవాటు చేసేది ధ్యానం. కళాకారుడికి ధ్యానం వల్ల కలిగే మేలు ఏమిటని అడిగితే, కొత్త ఊహలు పుట్టడం కన్నా ముందుగా చెప్పవలసినది ఇదే. ఊహ పుట్టకముందు ఉండే చూపు మెరుగుపడుతుంది. ఊహకు ఆహారం ఆ చూపే.

కొల్లేరు ఈ సాధనకు అనువైన చోటు కావడానికి ఇంకో కారణం ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అప్పటికే చేపల చెరువులు దాన్ని ఆక్రమించి ఉన్నాయి, 2006లో వాటి గట్లు తెంచారు. ఒకే గట్టు మీద ఏడాది పొడుగునా కూర్చున్నవాడికి రెండుసార్లు ఒకే సరస్సు కనబడదు. అనిత్యం అన్న మాటను బౌద్ధులు ఇలాంటి చూపు మీదే నిలబెట్టారు. అదే దృశ్యాన్ని నెల నెలా వేయడం చిత్రకారుడికి అభ్యాసమూ అవుతుంది, విపశ్యనకు చాలా దగ్గరి పని కూడా అవుతుంది.

శమథ సాధనలో అచ్చంగా చిత్రకారుడి చేతిపనిలా ఉండే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు కసిణం. ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలో రాసిన విసుద్ధిమగ్గంలో దాని వివరం దొరుకుతుంది. సాధకుడు ముందు అరుణోదయపు రంగు మట్టి వెతికి తెచ్చుకోవాలి. నీలం, పసుపు, ఎరుపు, తెలుపు ఛాయలు అందులో కలవకూడదు. గడ్డి, గులకరాళ్ళు ఏరేసి, మెత్తగా పిసికి, జానెడు నాలుగు వేళ్ళ వెడల్పున గుండ్రటి బిళ్ళ చేసి డప్పు చర్మంలా నున్నగా తీర్చాలి. రెండున్నర మూరల దూరంలో కూర్చుని, కళ్ళు మరీ విప్పారకుండా, మరీ ముడుచుకోకుండా దాన్ని చూడాలి. కళ్ళు మూసినా అది అలాగే కనిపించేదాకా ఆ పని సాగుతుంది. మొదట కనబడే రూపంలో బిళ్ళ మీద పడ్డ వేలిముద్రలు కూడా కనిపిస్తాయి. మనసు ఇంకా నిలిచాక, మబ్బు చాటు నుంచి బయటపడ్డ చంద్రబింబంలా మచ్చలేని రూపం తోస్తుంది. నీలం, పసుపు, ఎరుపు, తెలుపు రంగులకు వేరువేరు కసిణాలు కూడా ఉన్నాయి. రంగును ఇంత సేపు, ఇంత పట్టుదలగా చూడమని చెప్పిన గ్రంథం చిత్రకళా పాఠాల్లో కూడా అరుదు. ఒక రంగును పదిహేను నిమిషాలు కదలకుండా చూసిన చిత్రకారుడికి, పళ్ళెంలో పక్క రంగు కలపగానే వచ్చే మార్పు వెంటనే పట్టుబడుతుంది.

శ్వాసను గమనించే పద్ధతిని వివరించేటప్పుడు బుద్ధుడు తీసుకున్న ఉపమానం కూడా చేతిపనివాడిదే. సతిపట్ఠాన సూత్రంలో తరిమెన పట్టే పనివాడు కనిపిస్తాడు. ఒక లాగు పొడుగ్గా లాగితే పొడుగని, పొట్టిగా లాగితే పొట్టి అని అతనికి తెలుస్తుంది. శ్వాసనూ అలాగే తెలుసుకోమంటుంది సూత్రం. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి లక్క పూసే పనివారిని చూసినవాళ్ళకు ఈ పోలిక బాగా అర్థమవుతుంది. పట్టు కొంచెం బిగిస్తే కర్రకు గాటు పడుతుంది, కొంచెం వదిలితే రంగు అంటదు. చేయి చేసేదంతా మనసుకు తెలుస్తూ ఉండాలి, అలాగని మనసు చేయికి అడ్డుపడకూడదు. ధ్యానం నేర్పే శ్రద్ధా, మంచి పనివాడికి అలవాటైన శ్రద్ధా ఒకటేనని ఆ ఉపమానం ఎన్నడో ఒప్పుకుంది.

ఇరవయ్యో శతాబ్దపు ఆంధ్ర చిత్రకారులకు బుద్ధుడు ఇష్టమైన వస్తువు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు ‘సిద్ధార్థ రాగోదయం’ చిత్రించాడు. భీమవరం దగ్గర సరిపల్లెలో పుట్టిన అడవి బాపిరాజు బొమ్మలు వేశాడు, శాతవాహన యుగపు బౌద్ధ వాతావరణంలో ‘హిమబిందు’ నవల రాశాడు. వస్తువు బౌద్ధం కావడం వేరు, చూసే పద్ధతి బౌద్ధం కావడం వేరు. మొదటిది చరిత్ర పుస్తకంలో దొరుకుతుంది. రెండోదానికి ఒక చోట కదలకుండా కూర్చోవాలి.

అలా కూర్చోవడానికి వీలున్న చోటు కూడా ఈ ప్రాంతంలోనే ఉంది, మూడో ఆనవాలు అదే. పెదవేగి మండలంలోనే విజయరాయిలో ‘ధమ్మ విజయ’ అనే విపశ్యన కేంద్రం నడుస్తోంది. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని, 1969లో భారతదేశానికి వచ్చి ఈ పద్ధతిని వ్యాప్తి చేసిన సత్యనారాయణ గోయెంకా సంప్రదాయం అక్కడిది. హైదరాబాదులోని ధమ్మ ఖేత్త, నాగార్జునసాగర్ దగ్గరి ధమ్మ నాగజ్జున కూడా ఈ వరసలోవే. పది రోజుల శిబిరానికి రుసుము లేదు. ముందు శిబిరాల్లో కూర్చున్నవాళ్ళు ఇచ్చే దానంతోనే భోజనం, వసతి నడుస్తాయి.

తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా, భోజనానికీ విశ్రాంతికీ పోను, రోజుకు పది గంటలకు పైగా ధ్యానం. మొదటి మూడు రోజులు ఆనాపానసతి, అంటే ముక్కు దగ్గర శ్వాస రాకపోకలను గమనించడం మాత్రమే. నాలుగో రోజున విపశ్యన మొదలవుతుంది. తల నుంచి పాదాల దాకా ఒంట్లో ఒక్కొక్క చోటా కలిగే స్పర్శను, నొప్పిని, దురదను, పులకరింతను ఇష్టమూ అయిష్టమూ లేకుండా చూడడం. మాట ఉండదు, సైగ కూడా ఉండదు. దీన్ని ఆర్యమౌనం అంటారు, అది పదో రోజు పొద్దున్న ముగుస్తుంది.

కళాకారులకు అన్నిటికన్నా కష్టమైన నియమం వేరే ఉంది. చదవకూడదు, రాయకూడదు, పాట వినకూడదు, వాద్యం ముట్టకూడదు. నోటుపుస్తకం, కలం, ఫోను మొదటి రోజే అప్పగించాలి. పది రోజుల మౌనంలో మనసులోకి పోటెత్తే పంక్తులు, రాగాలు, బొమ్మలు పట్టుకోవడానికి వీలు లేదు. ఒక పద్యపాదం పుడుతుంది, దాన్ని పదే పదే తలుచుకుని భద్రం చేసుకోవాలని మనసు తహతహలాడుతుంది. ఆ తహతహనే చూడమంటుంది పద్ధతి. కవికి ఇది అన్యాయంగా తోచవచ్చు. కాని పద్యం ఎలా పుడుతుందో, దాని వెంటే గర్వం ఎలా పుడుతుందో, పోతుందేమోనన్న భయం గుండెలో ఎక్కడ బిగుసుకుంటుందో అంత దగ్గరగా చూసే అవకాశం మరెక్కడా దొరకదు. బల్ల ముందు కూర్చుని రాయలేకపోయిన రోజున అడ్డుపడేది చాలాసార్లు ఆ భయమే.

ధ్యానానికీ కళకూ మధ్య అన్నీ సవ్యంగానే ఉన్నాయని చెప్పడం సరికాదు. అష్టశీలం పట్టినవాళ్ళు నాట్యం, పాట, వాద్యం, వినోదాలు వదలాలని నియమం ఉంది. సంయుత్త నికాయంలో తాలపుటుడనే నాటకబృందపు నాయకుడి కథ వస్తుంది. జనాన్ని నవ్వించిన నటుడు చనిపోయాక నవ్వే దేవతల లోకానికి పోతాడని పెద్దలు చెప్పారు, నిజమేనా అని అతను బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు రెండుసార్లు వద్దని వారించి, మూడోసారి జవాబు చెప్పాడు. రాగద్వేష మోహాలు ముందే ఉన్న ప్రేక్షకుల్లో వాటిని ఇంకా రేపేవాడు మత్తులో పడి, మత్తులో పడేసి నరకానికే పోతాడని ఆ జవాబు. తాలపుటుడు ఏడ్చాడు. రేలంగి వెంకట్రామయ్య వంటి హాస్యనటుడు స్థిరపడి సినిమాహాలు కట్టించిన తాడేపల్లిగూడెం వైపు వాళ్ళకు ఈ జవాబు మింగుడుపడడం కష్టం. నొప్పి మరిపించే నవ్వుకు లోకంలో చోటు ఉండి తీరాలి. అయినా సూత్రం వేసిన ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. పని ఏ మనస్థితిలోంచి వస్తోంది, చూసేవాళ్ళలో దేన్ని పెంచుతోంది అని అడుగుతోంది అది.

ఆ కథ అక్కడితో ఆగదు. తాలపుటుడు భిక్షువై అర్హతుడయ్యాడు. థేరగాథలో అతని పేరిట ఉన్న కావ్యం ఆ సంకలనంలోని పెద్ద రచనల్లో ఒకటి. అందులో అతను తన మనసును ఎదురుగా నిలబెట్టి మాట్లాడతాడు, నిలదీస్తాడు, బతిమాలుతాడు. కొండలు, మబ్బులు, నెమళ్ళు వస్తాయి. వేదిక మీద పాత్రలతో మాట్లాడిన నటుడు ధ్యానంలో తన చిత్తాన్నే పాత్రగా చేసుకున్నాడు. వేషం వదిలాడు గాని నాటకం నేర్పిన విద్య వదలలేదు. భిక్షువుల పాటలు థేరగాథగా, భిక్షుణుల పాటలు థేరీగాథగా మిగలడమే ధ్యానం కవిత్వాన్ని ఎండగట్టదని చెప్పే గట్టి సాక్ష్యం.

ఈ కాలపు పరిశోధన కూడా ఈ విషయాన్ని తడిమింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే ఆలంబన మీద నిలిపే ధ్యానాన్నీ, వచ్చినదాన్నల్లా గమనించే ధ్యానాన్నీ వేరుచేసి చూశారు. ఒక ప్రశ్నకు అనేక జవాబులు వెతికే ఆలోచనకు రెండో రకం ధ్యానం తోడ్పడినట్టు తేలింది. పాల్గొన్నది 19 మందే కాబట్టి దాని మీద పెద్ద మేడ కట్టకూడదు. పరిశోధన అలా ఉంచి కళాకారుల వైపు చూస్తే, అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ జెన్ బౌద్ధం మీద డి.టి. సుజుకి ప్రసంగాలు విన్నాడు. 1952లో ఆయన కూర్చిన ఒక రచన ప్రదర్శనలో వాద్యకారుడు నాలుగు నిమిషాల 33 సెకన్లు ఒక్క స్వరమూ వాయించలేదు. శ్రోతలకు వినిపించినవి గాలి, వాన చినుకులు, జనం అలికిడి. పేరు పెట్టకముందు వినడం ఎలా ఉంటుందో సంగీతంలో చూపిన ప్రయత్నం అది.

ధ్యానాన్ని కళకు మందుగా వాడదలచినవాళ్ళు గుర్తుంచుకోవలసిన హద్దులు ఉన్నాయి. తీవ్రమైన మానసిక వ్యాధులు ఉన్నవాళ్ళకు సుదీర్ఘ మౌన శిబిరాలు తగవని విపశ్యన కేంద్రాలే ముందుగా చెబుతాయి. వాళ్ళు వైద్యుణ్ణి సంప్రదించాలి. రెండో హద్దు ఆశకు సంబంధించినది. నవల పూర్తవుతుందని కూర్చునేవాడు ప్రతి శ్వాసలోనూ నవలనే వెతుకుతాడు, శ్వాస దొరకదు, నవలా దొరకదు. అతిగా కష్టపడి పాదాలు నెత్తురోడేలా నడిచిన సోణుడనే భిక్షువుకు బుద్ధుడు, అతను ఇంట్లో ఉన్నప్పుడు వాయించిన వీణనే గుర్తుచేశాడు. తీగలు మరీ బిగిస్తే పలకవు, మరీ వదిలినా పలకవు. విద్వాంసుడికి వీణ ద్వారానే ధ్యానం నేర్పడం బుద్ధుడి బోధన విశేషం.

శిబిరం ముగిశాక పొద్దున్న గంట, సాయంత్రం గంట కూర్చోమని ఈ సంప్రదాయం చెబుతుంది. ఇంటిపని, ఉద్యోగం మధ్య రెండు గంటలు దొరకని వాళ్ళు పొద్దుటి గంటనైనా కాపాడుకుంటే మేలు. కళాకారులకు పనికొచ్చే క్రమం ఒకటి ఉంది. కూర్చున్నంత సేపూ కాగితం, కుంచె, వీణ అందుబాటులో పెట్టుకోకూడదు. తట్టినదాన్ని తట్టినట్టే పోనివ్వాలి. లేచాక ఫోను చూడకుండా, ఎవరితోనూ మాట కలపకుండా నేరుగా పని దగ్గరికి వెళ్ళాలి. మొదటి గీత పడే ముందు ఎదురుగా ఉన్నదాన్ని, అది కాగితమైనా, నీరైనా, మట్టి ముద్దైనా, పది శ్వాసల పాటు పేరు పెట్టకుండా చూడాలి. ఆ పైన గీత దాని దారిన అది పడుతుంది.